రాసిన చేతి బాధ్యత

తాటాకు గ్రంథాలు చూసినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. గ్రంథం పూర్తయిన తరవాత ఆఖరి కమ్మ మీద లేఖకుడు తన సొంత మాటలు కొన్ని చేరుస్తాడు. ఏ సంవత్సరం, ఏ మాసం, ఏ తిథినాడు పూర్తి చేసిందీ, ఎవరి కోసం రాసిందీ చెబుతాడు. చాలాచోట్ల దానికి తోడు రెండు మనవులు కనిపిస్తాయి. ఇవి దేశమంతటా లేఖకులు ఒకరి నుంచి ఒకరు అందుకున్న సంస్కృత శ్లోకాల్లో ఉంటాయి. మొదటి మనవి సారాంశం ఇది: వెన్నూ నడుమూ మెడా విరిగేటట్లు, చూపు కదల్చకుండా, తల వంచుకుని కష్టపడి రాశాను, కాబట్టి ఈ పుస్తకాన్ని జాగ్రత్తగా కాపాడండి. రెండవ మనవి సారాంశం ఇది: మాతృకలో ఎట్లా ఉందో అట్లాగే రాశాను, ఒప్పయినా తప్పయినా దోషం నాది కాదు.

ఈ రెండూ పక్కపక్కన చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. మొదటి మాటలో లేఖకుడు, ఈ పుస్తకంలో నా ఒళ్లు ఉంది అంటున్నాడు. రెండవ మాటలో, ఇందులో నేను లేను అంటున్నాడు. శ్రమకి హక్కుదారు తానే గాని అర్థానికి బాధ్యుడు తాను కాదు. ఒకే మనిషి ఒకే కమ్మ మీద ఈ రెండు మాటలూ ఎట్లా అనగలిగాడు? వాటిలో న్యాయమెంత? ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి పుట్టింది కాదు. నేను కూడా కొంతకాలం రాత మీద బతికినవాణ్ణే గనుక, ఇది నన్ను యాభై ఏళ్లుగా వదలకుండా ఉంది.

ముందు కష్టం సంగతి చూద్దాం. కాగితం మీద రాయటం అలవాటైన మనకి తాటాకు మీద రాత ఎంత శరీర శ్రమో వెంటనే తోచదు. లేత ఆకులు కోసి, ఎండబెట్టి, పసుపు నీళ్లలో ఉడకబెట్టి, నీడన ఆరబెట్టి, నున్నని రాతితో రుద్ది, కొలతకి కత్తిరించి, తాడు కోసం బెజ్జాలు పెట్టాలి. ఇంత చేస్తే వెడల్పు రెండంగుళాలైనా ఉండని కమ్మ తయారవుతుంది. ఆ సన్నని కమ్మ మీద ఒక్కొక్క వైపున ఆరేడు పంక్తులు పట్టించాలి. రాసేది సిరాతో కాదు, ఇనప ఘంటంతో. అంటే రాయటం కాదు, గాటు పెట్టటం. బరువు తగ్గితే గాటు పడదు, పెరిగితే కమ్మ పాడవుతుంది. కమ్మ ఎడమచేతిలో ఉంటుంది. ఘంటం కుడి పిడికిట్లో ఉంటుంది. దాని మొనకి ఎడమచేతి బొటనవేలు ఆనుడుగా ఉంటుంది. కొన్ని ప్రాంతాల లేఖకులు ఆ వేలి గోటికి చిన్న గాడి చేసుకుని దానిలో ఘంటాన్ని ఆనించేవారు. కుడిచేయి కదిలేది తక్కువ. ఎడమచేయే కమ్మను కొద్దికొద్దిగా జరుపుతూ పోతుంది.

అన్నిటికంటె విచిత్రమేమంటే, గీసేటప్పుడు అక్షరం కంటికి సరిగా ఆనదు. గాటులో రంగు లేదు. తరవాత మసీ ఆకుపసరూ కలిపి రుద్ది తుడిస్తే నలుపు గాట్లలో నిలిచి అక్షరాలు పైకి తేలతాయి. అప్పటిదాకా లేఖకుడు తన రాతను సగం చూపుతో, సగం వేళ్ల ఎరుకతో నడిపించవలసిందే. తప్పు పడితే తుడిచెయ్యటానికి వీలు లేదు. గీత కొట్టి ముందుకు పోవాలి, ఆ గీత కమ్మ ఉన్నంతకాలం ఉంటుంది. ఆకు ఈనెలు నిలువునా సాగుతాయి కనుక, వాటి వెంట తిన్నని గీత గీస్తే ఆకు చీలుతుందనీ, మన అక్షరాలు గుండ్రనవటానికి అదే కారణమనీ చాలామంది చెప్పారు. రాతి శాసనాల్లో కూడా గుండ్రని అక్షరాలున్నాయి కనుక అదొక్కటే కారణమని నేననను. అయితే అక్షరానికీ, ఆకుకీ, వేలికీ మధ్య ఒక ఒప్పందం ఉండేదన్న మాట నిజం. ఆ ఒప్పందాన్ని నేర్చుకోవటానికి ఒక మనిషి బాల్యం ఖర్చయ్యేది.

ఈ శ్రమ ఒక్కసారితో తీరేదీ కాదు. మన ఎండకీ వానకీ పురుగుకీ తాటాకు రెండు మూడు వందల ఏళ్లు నిలిస్తే అదృష్టమే. నన్నయ 11వ శతాబ్దం వాడు. ఆయన చేతి ప్రతి గాని, ఆయన కళ్లముందు రాసిన ప్రతి గాని మనకి లేదు. ఆ భారతం ఈనాడు మన చేతిలో ఉందంటే, నడుములు వంగిన మనుషులు వరసగా నిలబడి, ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుంటూ తెచ్చారన్నమాట. కవుల పేర్లు వల్లించే మనం వాళ్ల పేర్లు అడగలేదు. ఆ మొదటి మనవి అందుచేతనే అంత నిక్కచ్చిగా ఉంటుందనుకుంటాను. తన పేరు నిలవదని తెలిసినవాడు కనీసం తన నడుం నొప్పినైనా నమోదు చేశాడు.

అయితే ఇక్కడే ఒక హెచ్చరిక అవసరం. లేఖకుడి వెన్ను గురించి చెప్పి ఊరుకుంటే అది సగం నిజమే అవుతుంది. ఆ ఆకు కోసినవాడు తాటిచెట్టెక్కి ప్రాణం పణం పెట్టాడు. ఆ ఘంటం చేసినవాడు కొలిమి ముందు కాలాడు. మసి ఇచ్చిన దీపంలో నూనె గానుగ తిప్పినవాడిది. వాళ్లెవరి నొప్పీ ఆఖరి కమ్మ మీదికి ఎక్కలేదు. చెట్టెక్కినవాడి పిల్లలకి ఆ ఆకు మీద అక్షరం దిద్దే హక్కు కూడా సాధారణంగా లేదు. తన నొప్పి చెప్పుకోవటం కూడా ఒక అధికారమే. అది అక్షరం వచ్చినవాడికే దక్కింది. లేఖకుడు శ్రామికుడే, కాని శ్రామికులందరిలోకి మాట దక్కిన శ్రామికుడు. ఈ తేడా జ్ఞాపకం పెట్టుకుంటేనే అతని రెండవ మనవిని సరిగా తూచగలం.

ఇప్పుడు నా సంగతి కొంచెం చెప్పాలి. నేనుండేది తిరువూరులో. మొన్నటిదాకా కృష్ణాజిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. విజయవాడ నుంచి జగదల్‌పూరు పోయే రోడ్డు మీద, తెలంగాణ సరిహద్దుకి దగ్గరగా ఉన్న మెట్ట ఊరు. ఇక్కడి పొలం గట్ల మీద తాళ్లు ఇంకా ఉన్నాయి. కాని వాటి ఆకు మీద రాసేవాళ్లు నా చిన్నతనానికే లేరు. మా తరానికి దక్కిన లేఖకులు ఇద్దరు: ఒకరు కరణం, రెండోవారు దస్తావేజు లేఖరి.

కరణాల రాతను గొలుసుకట్టు అనేవారు. కలం ఎత్తకుండా, అక్షరాన్ని అక్షరానికి తగిలించి, తలకట్లూ గుడులూ మింగేస్తూ పోయే రాత అది. వేగం కోసం పుట్టిందన్నారు, నిజమే కావచ్చు. కాని బడికి పోయి చదువుకున్న రైతుబిడ్డ కూడా తన భూమి లెక్క తాను చదువుకోలేకపోవటం ఆ వేగం తెచ్చిన ఫలితాల్లో ఒకటి. 1984లో ప్రభుత్వం కరణీకాలు రద్దు చేసినప్పుడు పోయింది ఉద్యోగాలొక్కటే కాదు. ఒక దస్తూరీ పెత్తనం కూడా పోయింది.

నేను పందొమ్మిదో ఏట ఒక దస్తావేజు లేఖరి దగ్గర పనికి చేరాను. అది మా తాలూకా కాదు. ఊరి పేరు అనవసరం. ఆయన నాకు మొదటి ఆర్నెల్లూ రాయటం నేర్పలేదు, కూర్చోవటం నేర్పాడు. చాప మీద, ముందు ఏటవాలు పెట్టె పెట్టుకుని, ఎడమ మోకాలు మడిచి కూర్చోవాలి. బరువు కుడి మోచేతి మీద పడకూడదు. పడితే సాయంత్రానికి వేళ్లు వణుకుతాయి. పంక్తి మధ్యలో గుక్క తిప్పుకోకూడదు. స్టాంపు కాగితం మీద కొట్టివేత పడితే దాన్ని చివర విడిగా చూపాలి, అది లేఖరికి నామోషీ. అంచేత రాయబోయే వాక్యం మొత్తం తలలో కట్టుకుని గాని కలం ఆనించకూడదు. రెండేళ్లకి నా రాత చూసి ఆయన ఏమీ అనటం మానేశాడు. అదే మెచ్చుకోలు. మెడ నొప్పి రాత్రిళ్లు నిద్రపట్టనిచ్చేది కాదు. అయినా ఆ పనిలో సంతోషం లేదని చెబితే అబద్ధమవుతుంది. చేయి మాట వినటం మొదలుపెట్టిన రోజున మనిషికి కలిగే గర్వం చిన్నది కాదు. ఆ పాత లేఖకుల శ్లోకంలో ఉన్న నొప్పి వెనకాల ఆ గర్వం కూడా ఉందని నాకు అనుభవం చేత తెలుసు.

ఇక రెండవ మనవి. చూసినట్లే రాశాను, దోషం నాది కాదు. దీన్ని తప్పించుకునే మాటగా తీసిపారెయ్యటానికి వీల్లేదు. దీనికి గట్టి సమర్థన ఉంది. ఆ సమర్థన కోసం కడపకి పోవాలి.

ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకి వచ్చాడు. తెలుగు కావ్యాల మీద మనసు పడి, ఎక్కడెక్కడి తాటాకు ప్రతులో తెప్పించి, తన బంగళాలో పండితులనీ రాయసగాళ్లనీ జీతాలిచ్చి పెట్టుకుని కాగితం మీదికి ఎత్తించాడు. ఆ ఖర్చుకి అప్పుల పాలు కూడా అయ్యాడు. ఒక్కొక్క గ్రంథానికి అనేక ప్రతులు దగ్గర పెట్టుకుని పోలిస్తే ఏ రెండూ కలిసేవి కావు. కారణం సులభంగానే ఊహించవచ్చు. ఏమీ తెలియని లేఖకుడు చేసే తప్పు పసిగట్టవచ్చు: ఒక అక్షరం జారుతుంది, ఒక పంక్తి ఎగిరిపోతుంది. సగం తెలిసిన లేఖకుడితోనే చిక్కు. వాడు అర్థంకాని మాట తీసేసి అర్థమయ్యే మాట పెడతాడు. తనకి నచ్చని భావాన్ని సర్దుతాడు. తన పద్యమొకటి చేరుస్తాడు. ఛందస్సు సరిపోతుంది కనుక ఆ తప్పు ఎప్పటికీ బయటపడదు. వేమన పద్యాల విషయంలో ఇది మరీ కష్టం. ఎవరి పద్యమైనా ఆ మకుటం తగిలించుకుని లోపలికి రాగలదు. బ్రౌన్ 1829లో 693 పద్యాలు అచ్చువేశాడు. 1839లో ఆ సంఖ్య 1164 అయింది. అందులో వేమనవెన్ని అనే తగాదా ఈనాటికీ తెగలేదు.

ఈ దృష్టితో చూస్తే, చూసినట్లే రాశాను అనేది దీనాలాపం కాదు, ప్రతిజ్ఞ. నా అభిప్రాయం, నా కులం, నా మతం, నా పాండిత్యం ఈ కమ్మ మీదికి రానివ్వలేదు అని లేఖకుడు హామీ ఇస్తున్నాడు. వేమనను అసహ్యించుకునే లేఖకుడు వేమనను యథాతథంగా రాసి ఉంటేనే వేమన మనకి దక్కాడు. ఇది చిన్న నిగ్రహం కాదు. మెడ వంచటం కంటె కష్టమైన నిగ్రహం. కనుక, మాతృక ఎదట ఉన్నంతవరకూ ఆ రెండవ మనవి న్యాయమే.

కాని లేఖకుడి ఎదట ఎప్పుడూ మాతృకే ఉంటుందా? లేదు. మన సాహిత్య చరిత్రలోనే దీనికి నిదర్శనముంది. 1053 నాటి నందంపూడి శాసనం రాజరాజనరేంద్రుడు నారాయణభట్టుకి గ్రామదానం చేసిన రాగిరేకుల పత్రం. దాని కావ్యకర్త నన్నియభట్టు అనీ, లేఖకుడు గండాచార్యుడనీ ఆ శాసనమే చెబుతుంది. నన్నయ పేరు తెలియని తెలుగువాడు లేడు. గండాచార్యుడి పేరు తెలిసినవారు పదిమంది ఉండరు. కవినీ లేఖకుడినీ పక్కపక్కన నిలబెట్టినందుకు ఆ రాగిరేకుకి మనం కృతజ్ఞులుగా ఉండాలి. అయితే నన్ను ఆకర్షించింది మరొక విషయం. తూర్పు చాళుక్యుల దానశాసనాల్లో రాజు ఆ విషయంలోని రాష్ట్రకూట ప్రముఖులనూ కుటుంబీకులనూ, అంటే గ్రామపెద్దలనూ కాపు గృహస్థులనూ, పిలిపించి వారికి ఆజ్ఞ తెలియజేస్తున్నట్లు ఒక వాక్యం ఆనవాయితీగా ఉంటుంది. అక్షరం రాని కాపుకి, ఇకమీదట నీ పన్ను ఫలానావారిదీ అని ఎవరో చదివి వినిపించాలని ఆ వాక్యం అంగీకరిస్తున్నది. కావ్యం వేరు, పత్రం వేరు. కావ్యానికి చదువరి ఉంటాడు. పత్రానికి కట్టుబడేవాడు ఉంటాడు. అతను చాలా సందర్భాల్లో చదవలేడు.

నేను రాసినవి పత్రాలు. అందులో ఒకటి 1971లో, ఏరువాకకి ముందు రాసింది. ఒక ముసలి రైతు, ఎకరంన్నర మెట్ట ఉన్నవాడు, జత ఎద్దుల్లో ఒకటి చచ్చిపోతే అప్పుకోసం వచ్చాడు. వెంట అప్పిచ్చే ఆసామీ ఉన్నాడు. ముసలాయన మనసులో ఉన్నది తనఖా. ఆసామీ లేఖరిగారికి చెప్పింది శుద్ధక్రయం. బాకీ తీర్చిన రోజున తిరిగి రాసిస్తానని నోటిమాట. ఆ రోజుల్లో ఇది కొత్త ఏమీ కాదు. లేఖరిగారు నాకు షరతులు చెప్పారు, నేను రాశాను. రాత బాగా కుదిరింది. ఆఖరి పంక్తి సరిగ్గా వేలిముద్ర చోటికి పైన ఆగింది. ఆ ఆఖరి పంక్తి అన్ని దస్తావేజుల్లోనూ ఉండేదే: ఇందులోని సంగతులు చదివి వినిపించగా విని, సమ్మతించి వేసిన నిశానీ. ఎవరూ చదివి వినిపించలేదు. పొద్దుపోతున్నది, ఇంకా నలుగురు కూర్చుని ఉన్నారు. "నేను చెప్పానులే, చదవటమెందుకు" అన్నాడు ఆసామీ. నేను తలెత్తలేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నేను చూస్తున్నది ముసలాయన ముఖం కాదు, ఆ పంక్తి ఎంత తిన్నగా వచ్చిందో చూస్తున్నాను. దస్తూరీ దగ్గర లేఖరిగారి పేరు పడింది. నా పేరు ఎక్కడా లేదు.

రెండేళ్ల తరవాత ఆయన మళ్లీ వచ్చాడు. చేతిలో ఒక నకలు ఉంది. రిజిస్టరు పుస్తకంలోంచి ఎవరో గుమాస్తా చేత్తో ఎత్తి రాసి ఇచ్చిన నకలు. లేఖరిగారు లేరు. ఆయన చదవలేడు కనుక దస్తూరీలో ఎవరి పేరుందో ఆయనకి తెలియదు. నా ముఖం మాత్రం గుర్తుపెట్టుకున్నాడు.

"బాబూ, ఆ వేళ రాసింది తమరే గదా?"

"చెప్పింది రాశాను తాతా" అన్నాను.

ఆయన కోప్పడలేదు. "ఏం రాశారో కాస్త చదవండి బాబూ" అన్నాడు.

చదివాను. సర్వహక్కులతో, పుత్రపౌత్ర పారంపర్యంగా, అని చదువుతున్నంతసేపూ ఆయన తల ఊపుతూ విన్నాడు. చివరికి ఆ పంక్తి వచ్చింది. చదివి వినిపించగా విని, అని చదివాను. గొంతు ఆగింది. ఆయన కాసేపు చూసి, "ఇప్పుడు విన్నాను బాబూ" అన్నాడు. నకలు మడిచి తలపాగాలో పెట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ కనిపించలేదు. ఆ యేడాదే నేను ఆ పని మానేశాను. మానేసినందువల్ల ఆయన భూమి ఆయనకి రాలేదు.

అప్పటి నుంచీ నేను వేసుకుంటున్న లెక్క ఇది. ఆ దస్తావేజులో రెండు రకాల వాక్యాలున్నాయి. షరతులు ఇతరులు చెప్పినవి. వాటికి వాళ్లు బాధ్యులు. కాని, చదివి వినిపించగా అన్న వాక్యం ఎవరూ నాకు చెప్పలేదు. అది నా నోట్లో, నా చేతిలో అలవాటుగా ఉన్న వాక్యం. దానికి మాతృక లేదు. అది ఆ గదిలో జరిగిన సంగతిని గురించి నేను ఇచ్చిన సాక్ష్యం. జరగనిదాన్ని జరిగిందని రాశాను. నకలు రాసిన గుమాస్తా నా అబద్ధాన్ని అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాశాడు. చూసినట్లే రాశాను అనే హక్కు అతనికుంది. నాకు లేదు. అక్షరాలు అవే, నడుం నొప్పి ఇద్దరికీ ఒకటే. కాని ఇద్దరి నైతిక స్థితీ ఒకటి కాదు.

ఇక్కడ మనవాళ్లే ఒక అభ్యంతరం చెప్పవచ్చు. లేఖరి దగ్గర పనిచేసే కుర్రవాడు రోజుకూలి వాడు. వాడు నోరెత్తితే పని పోతుంది. నేరం వడ్డీవ్యాపారిది, భూమి అట్లా చేతులు మారటానికి వీలిచ్చిన వ్యవస్థది. చిన్నవాడి మీద నీతిభారం మోపటం పెద్దవాణ్ణి తప్పించటమే కదా?

ఈ మాట నేను చాలా ఏళ్లు నాకే చెప్పుకున్నాను. ఇందులో నిజముంది. ఆ అన్యాయం ఎందుకు జరిగిందో ఇది వివరిస్తుంది. ఒక మనిషి మంచితనంతో అది ఆగేది కాదనీ, భూమి సంబంధాలు మారనిదే అటువంటి దస్తావేజులు ఆగవనీ చెబుతుంది. కాని వివరణ వేరు, విముక్తి వేరు. కూలివాడికి చేయి మాత్రమే ఉంది, వాడు ఏమి రాస్తున్నాడో వాడికి అనవసరం అనే సిద్ధాంతం మొదట ఎవరిది? పని చేయించుకునేవాడిది. మన లేఖకుడు దాన్ని అందుకుని సంస్కృత శ్లోకంగా కట్టుకున్నాడు, నేను తెలుగులో ఒక్క ముక్కలో చెప్పాను. శ్రామికుడి గౌరవం గురించి మాట్లాడే మనం అతని పనిలోంచి అతని తెలివినీ సాక్ష్యాన్నీ తీసేసి, నొప్పిని మాత్రమే గౌరవిస్తామంటే, యజమాని వాదనకి దండ వేసినట్లవుతుంది. పైగా ఆ గదిలో అందరికంటె కింద ఉన్నది నేను కాదు. నేను చదవగలను, ఆయన చదవలేడు. నా చేతిలో ఉన్న కొంచెం అధికారం అంతా ఆ చదవటమే. అయిదు నిమిషాలు పైకి చదవటానికి విప్లవం అక్కర్లేదు.

ఈ గందరగోళం మన ఒక్క దేశానిదీ కాదు. మధ్యయుగాల యూరప్‌లో మఠాల సన్యాసులు గ్రంథాలు ఎత్తి రాసేవారు. రాసేవి మూడు వేళ్లే అయినా అలిసేది ఒళ్లంతా అని వాళ్లు కూడా పుస్తకాల చివర వాపోయారు. ఓర్డెరిక్ విటాలిస్ అనే 12వ శతాబ్దపు సన్యాసి తన చరిత్రగ్రంథంలో ఒక కథ చెప్పాడు. పాపాత్ముడైన ఒక లేఖక సన్యాసి పెద్ద ధర్మగ్రంథం ఒకటి రాసి చనిపోయాడట. పరలోకంలో విచారణ జరిగింది. దేవతలు అతని అక్షరాలు ఒక్కొక్కటీ లెక్కించి ఒక్కొక్క పాపానికి చెల్లు వేశారు. ఆఖరికి ఒక్క అక్షరం మిగిలింది, దానితో అతను బయటపడ్డాడు. కథ బాగుంది. శ్రమకి ఇంత విలువ కట్టిన కథ మన పురాణాల్లో నాకు కనిపించలేదు. కాని ఆ లెక్కలో అక్షరాలు ఏమి చెబుతున్నాయన్న ప్రశ్న లేదు. ధర్మగ్రంథం కనుక అడగనక్కర్లేదనుకున్నారు కాబోలు. ఆ శతాబ్దాల్లోనే అనేక మఠాలు తమ భూముల కోసం, పూర్వరాజుల పేర దొంగ దానపత్రాలు పుట్టించాయని చరిత్రకారులు రుజువు చేశారు. వాటిని రాసినవి కూడా క్రమశిక్షణ గల చేతులే. బహుశా అందరిలోకీ మంచి దస్తూరీ గలవాడికే ఆ పని అప్పగించి ఉంటారు. ఆ అక్షరాలు లెక్క పెడితే ఎవరి పాపం తగ్గాలి?

కాబట్టి శరీర క్రమశిక్షణ దానంతట అది నీతి కాదు. చేయి ఎంత శిక్షణ పొందితే అంత సులభంగా మనిషిని వదిలి ముందుకు పోగలదు. వంకర రాత రాసేవాడికి ప్రతి మాట దగ్గరా ఆగటం తప్పదు. నాకు ఆ అవసరం లేకపోయింది. నేను నేర్చుకున్న నిగ్రహమంతా నన్ను తలెత్తకుండా చెయ్యటానికి పనికొచ్చింది. శిక్షణ చెడ్డదని నా అర్థం కాదు. అది ఎవరి ఎదట తల వంచుతున్నదో చూడాలి. మాతృక ఎదట తల వంచటం వినయం. కట్టుబడేవాడు ఎదట కూర్చుని ఉన్నప్పుడు తల వంచుకుని ఉండటం పిరికితనం.

ఈ రోజుల్లో ఇదంతా ఎందుకంటారా? 1998లో రిజిస్ట్రారు కచేరీలకి కంప్యూటర్లు రావటం మొదలైంది. పుస్తకాల్లోకి చేత్తో ఎత్తి రాసే పని పోయింది. మంచిదే. ఆ గుమాస్తాల మెడలు బాగుపడ్డాయి, రోజులు పట్టే నకలు తొందరగా చేతికొస్తున్నది. ఇప్పుడు దస్తావేజు ఒక తయారైన నమూనాలోంచి వస్తుంది. పేర్లూ సరిహద్దులూ మార్చితే చాలు. చదివి వినిపించగా అనే వాక్యం ఆ నమూనాలో ముందే అచ్చయి ఉంటుంది. దాన్ని రాయటానికి ఇప్పుడు ఒక చేయి కూడా కదలనక్కర్లేదు. లేఖకుడి మొదటి మనవికి కారణం తొలగిపోయింది. రెండవ మనవి మాత్రం మిగిలింది. మిషన్లో అట్లాగే వచ్చిందండీ అనే మాట బ్యాంకులోనూ వింటున్నాం, కచేరీలోనూ వింటున్నాం. మాతృక స్థానంలో మిషను కూర్చుంది. నొప్పి పడకుండానే నిర్దోషిత్వం దొరుకుతున్నది.

తిరువూరులో మా వీధి అరుగు మీదికి ఇప్పటికీ ఎవరో ఒకరు కాగితం పట్టుకుని వస్తూనే ఉంటారు. బ్యాంకు నోటీసు, కౌలు ఒప్పందం, కొడుకులు పంచుకున్న పారీఖత్తు, ఏదో ఒకటి. చదువు వచ్చినవాళ్లు కూడా వస్తారు, ఎందుకంటే ఆ భాష చదువు వచ్చినవాళ్లకి కూడా అంతుబట్టదు. నా మెడ ఇప్పుడు ఎక్కువసేపు వంగదు. కాగితం కళ్లెదుట ఎత్తి పట్టుకుని, మొదటి నుంచి చివరి దాకా, అలవాటు వాక్యాలు కూడా వదలకుండా పైకి చదువుతాను. ఆఖరి పంక్తి దగ్గర ఆగి, విన్నారా అని అడుగుతాను. ఒకసారి కాదంటే మళ్లీ మొదటి నుంచి చదువుతాను.